కింద వైరు, పైన వైర్‌లెస్: ఒకే ఇంట్లో రెండు దొంగల అలారాలు

మా ఇంట్లో దొంగల అలారాలు రెండున్నాయి. కింది అంతస్తులో ఉన్నది ఇల్లు కట్టేటప్పుడే గోడల్లో పైపులు వేసి, వైర్లు లాగించి పెట్టించినది. పై అంతస్తు చాలాకాలం అద్దెకిచ్చాం. వాళ్లు ఖాళీ చేశాక మేమే వాడుకుందామనుకున్నాం కానీ, మళ్లీ గోడలు కొట్టించి, దుమ్ము మింగి, రంగులు వేయించే ఓపిక ఇంట్లో ఎవరికీ లేదు. అందుకని పైన వైర్‌లెస్ పెట్టించాం. అంటే రెండింటికీ ఒకే ఎండ, ఒకే వాన, ఒకే కరెంటు కోత, అవే బల్లులు, అవే సాలీళ్లు. రెండు సిస్టమ్‌లనూ పక్కపక్కన పెట్టి చూడటానికి ఇంతకంటే మంచి ఏర్పాటు దొరకదు.

బంధువుల్లో ఎవరు ఇల్లు కట్టినా, కొన్నా నాకు ఫోన్ చేసి "వైరుదా, వైర్‌లెస్సా? ఒక్క మాటలో చెప్పు" అంటున్నారు. ఒక్క మాటలోనే అయితే ఇదీ: ఏది కొన్నా సరే, తలుపుకో కిటికీకో కాపలా ఉండే ఒక సెన్సర్ పనిచేయడం మానేస్తే, ఆ సంగతి ప్యానెల్‌కి, అంటే సెన్సర్ల కబుర్లన్నీ అందుకుని సైరన్ మోగించే పెట్టెకి, ఎంతసేపట్లో తెలుస్తుందో కనుక్కుని కొనండి. మంచి వైరు సిస్టమ్‌కి ఆ క్షణంలోనే తెలుస్తుంది. మంచి వైర్‌లెస్‌కి కొన్ని నిమిషాల్లో తెలుస్తుంది. చవకరకం వైర్‌లెస్‌కి ఎప్పటికీ తెలియదు. నాకు మిగతా తేడాలన్నీ దీని తర్వాతే.

వైర్‌లెస్ అనగానే ఏదో కొత్తరకం కన్ను అనుకునేవాళ్లున్నారు. కాదు. తలుపుకి పెట్టే మాగ్నెట్ సెన్సర్ రెండింట్లోనూ దాదాపు ఒకటే. చిన్న గాజు గొట్టంలో రెండు సన్నటి లోహపు రేకులుంటాయి. పక్కన అయస్కాంతం ఉన్నంతసేపూ అవి అతుక్కుని ఉంటాయి, తలుపు తెరిస్తే విడిపోతాయి. అంతే సంగతి. గది మూలన పెట్టే మోషన్ సెన్సర్ కూడా అంతే. మనిషి ఒంటినుంచి వచ్చే వేడి, అంటే పరారుణ కిరణాలు, ఒక చోటినుంచి ఇంకో చోటికి కదలడాన్ని అది గమనిస్తుంది. అందుకే సెన్సర్‌కి ఎదురుగా నడిచొచ్చేవాడికంటే అడ్డంగా దాటేవాడు దానికి తొందరగా దొరుకుతాడు. తేడా అంతా "తలుపు తెరిచారు" అన్న కబురు ప్యానెల్‌కి చేరే దారిలోనే ఉంది. ఒకదాంట్లో రాగి తీగ, ఇంకోదాంట్లో రేడియో.

తీగ దారి చాలా పాతది. 1853లో అమెరికాలో ఆగస్టస్ పోప్ అనే ఆయన తలుపులకీ కిటికీలకీ తీగలు కలిపి, తెరిస్తే విద్యుదయస్కాంతంతో గంట మోగే ఏర్పాటుకి పేటెంటు తీసుకున్నాడు. కిటికీ మళ్లీ మూసేసినా గంట ఆగకుండా మోగేలా చేశాడట. నాలుగేళ్ల తర్వాత ఎడ్విన్ హోమ్స్ ఆ హక్కులు కొని వ్యాపారం చేశాడు. మా కింది అంతస్తులో ఉన్నదానికీ మూలసూత్రం అదే. ఇన్నేళ్లు నిలిచిన సూత్రాన్ని పాతదని తీసిపారేయడం నాకు నచ్చదు.

ముందు కింది అంతస్తు సంగతి చెప్తాను.

ప్యానెల్ అనేది మెట్ల కింద ఒక ఇనుప పెట్టె. అందులో ట్రాన్స్‌ఫార్మర్, సర్క్యూట్ బోర్డు, 12 వోల్టుల 7 యాంపియర్-అవర్ల బ్యాటరీ. ప్రతి సెన్సర్‌నుంచీ సన్నటి ఆరు తీగల కేబుల్ ఒకటి వచ్చి ఇక్కడ చేరుతుంది. రెండు తీగలు కరెంటుకి, రెండు అలారం కబురుకి, రెండు ట్యాంపర్‌కి. ట్యాంపర్ అంటే ఎవరైనా సెన్సర్ మూత విప్పబోతే పట్టుకునే చిన్న స్విచ్. కరెంటు పోతే బ్యాటరీ నడిపిస్తుంది. మొత్తం సిస్టమ్ 200 మిల్లీయాంపియర్లు లాగుతుందనుకుంటే లెక్కప్రకారం 35 గంటలు రావాలి. బ్యాటరీ పాతబడే కొద్దీ అంత రాదు, కానీ ఒక రాత్రి గడవడానికి ఢోకా లేదు.

ఈ బ్యాటరీ మార్చడానికి ఒకసారి ఒక కుర్ర టెక్నీషియన్ వచ్చాడు. మొదట పెట్టినవాళ్లు ఫోన్లు ఎత్తడం మానేశారు కాబట్టి ఇతన్ని వేరేచోటినుంచి పిలిపించాం. పెట్టె మూత తీసి లోపల టార్చి వేసి చూసి, "ఇదేంటి మేడమ్, రెసిస్టర్లన్నీ ఇక్కడే పెట్టేశారు?" అన్నాడు. ఒక సెన్సర్ గానీ, కొన్ని కలిపి గానీ ప్యానెల్‌కి చేరే లైనుని జోన్ అంటారు. ప్రతి జోన్ టెర్మినల్ దగ్గరా, అంటే ఆ తీగలు బోర్డుకి బిగించే చోట, రంగు చారలున్న చిన్న రెసిస్టర్ ఒకటి బిగించి ఉంది. పనితనం చూడముచ్చటగానే ఉంది. అందులో తప్పేముందని అడిగాను.

"వంటింటి కిటికీ తెరవండి" అన్నాడు. తెరిచాను. కీప్యాడ్ మీద ఆ జోన్ లైటు వెలిగింది. అతను పెట్టెలోకి వచ్చే ఆ కిటికీ తాలూకు రెండు తీగల్నీ ఒక వైరు ముక్కతో కలిపాడు. జోన్ లైటు ఆరిపోయింది, అంతా సరిగ్గా ఉందన్నట్టు పచ్చ లైటు వెలిగింది. కిటికీ రెక్కలు బార్లా తెరిచే ఉన్నాయి.

ఆ రెసిస్టర్ పని ఏమిటంటే, ప్యానెల్‌కి ఎప్పుడూ ఒక నిర్ణీతమైన నిరోధం కనబడేలా చేయడం. ఒక్కో కంపెనీ ఒక్కో విలువ వాడుతుంది, 2.2 కిలో ఓములో, 4.7 కిలో ఓములో. తీగ తెగితే ఆ విలువ అనంతం అయిపోతుంది, ఎవరైనా రెండు తీగలు కలిపేస్తే సున్నాకి పడిపోతుంది. రెండూ ప్యానెల్‌కి తెలుస్తాయి. కానీ ఆ రెసిస్టర్ అటు చివర, సెన్సర్ లోపల ఉంటేనే. ఇటు చివర ప్యానెల్లో పెడితే మధ్యలో తీగల్ని కలిపినా ప్యానెల్‌కి రెసిస్టర్ కనబడుతూనే ఉంటుంది. సెన్సర్ సెన్సర్‌కీ నిచ్చెన వేసి, మూత విప్పి, లోపల టంకం పెట్టడం కష్టం. కూర్చున్నచోట పెట్టెలోనే అన్నీ బిగించేస్తే ఆ కష్టం ఉండదు. ఇంటివాళ్లకా ఇది తెలియదు. ఏళ్ల తరబడి సగం కాపలాకి పూర్తి డబ్బులిచ్చామన్నమాట. ఆ అబ్బాయి ఒక్కొక్కటీ సెన్సర్లలోకి మార్చి, చివర్లో మళ్లీ అదే కిటికీ తెరిపించి, తీగలు కలిపి చూపించాడు. ఈసారి కీప్యాడ్ వెంటనే ట్యాంపర్ అని అరిచింది.

కాబట్టి వైరు సిస్టమ్ కొనేవాళ్లకి నా మొదటి మాట: పెట్టించిన రోజే ప్యానెల్ మూత మీ ముందు తీయించండి. లోపల జోన్ టెర్మినళ్ల దగ్గర రెసిస్టర్లు వరసగా కనబడుతుంటే డబ్బులు ఇవ్వడం ఆపి మాట్లాడండి. వాడని జోన్లకి అక్కడ రెసిస్టర్ ఉండటం మామూలే, వాడుతున్నవాటికే ఉండకూడదు.

ఆ లోపం సరిచేసినప్పటినుంచీ కింది సిస్టమ్ గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. అలారం విషయంలో అంతకంటే మెచ్చుకోలు ఏముంటుంది? సెన్సర్లలో బ్యాటరీలు లేవు, కాబట్టి మార్చే పని లేదు. ప్యానెల్లో ఉన్న ఒక్క బ్యాటరీ మూడు నుంచి ఐదేళ్లకోసారి మార్చాలి. మోషన్ సెన్సర్‌కి కరెంటు పొదుపు చేయాల్సిన అవసరం లేదు కాబట్టి అది రెప్ప వేయకుండా చూస్తూనే ఉంటుంది. ఇంకో సుఖం ఉంది, ఎవరూ పెద్దగా చెప్పరు. ఒక కంపెనీ ప్యానెల్‌కి ఇంకో కంపెనీ వైరు సెన్సర్ హాయిగా సరిపోతుంది. 12 వోల్టుల కరెంటు, మామూలుగా మూసి ఉండే ఒక కాంటాక్టు, అంతేగా దానికి కావలసింది. హాల్లోని మోషన్ సెన్సర్ పాడైతే వేరే కంపెనీది తెచ్చి పెట్టాం, ప్యానెల్‌కి ఆ తేడాయే తెలియదు.

మరి తలనొప్పులు లేవా అంటే, ఉన్నాయి. ఎలుకలు కేబుల్ కొరుకుతాయి. దొంగ ఒక్కసారి కూడా రాని ఇంట్లో ఎలుక వల్ల సైరన్ మోగితే చుట్టుపక్కలవాళ్లకి ఏం చెప్పుకోవాలో తెలియదు. పెద్ద పిడుగులు పడినప్పుడు ఇల్లంతా పాకిన పొడవాటి తీగలు ఆ దెబ్బని ప్యానెల్ దాకా మోసుకొస్తాయి. అతుకులు వేసిన చోట తేమ చేరితే తుప్పు పట్టి, జోన్ ఉండీ ఉడిగీ తప్పుడు అలారం ఇస్తుంది. ఆ అతుకు ఏ గోడలో ఉందో వెతకడం నరకం. అలారం కేబుల్‌ని ఇంటి కరెంటు వైర్లున్న పైపులోనే తోసేస్తే ఇంకో రకం గోల. దానికి వేరే పైపు ఉండి తీరాలి. ఎలక్ట్రీషియన్ ఎంత బతిమాలినా ఒప్పుకోకండి.

ఇంకోటి, జోన్ల పొదుపు. మా హాల్లో మూడు కిటికీలూ కలిపి ఒకే జోన్. ఏదో ఒకటి సరిగ్గా పడలేదని కీప్యాడ్ చెప్తుంది, ఏదో చెప్పదు. రాత్రి పడుకోబోయే ముందు మూడింటినీ తడుముకుంటూ తిరగాలి.

ఇక్కడే పై అంతస్తు వైర్‌లెస్ మొదటి మార్కు కొట్టేసింది. ప్రతి సెన్సర్‌కీ సొంత గుర్తింపు, సొంత పేరు. "పడకగది కుడి కిటికీ తెరిచి ఉంది" అని ఫోన్లో స్పష్టంగా వస్తుంది. బిగించడం కూడా ఒక పూటలో అయిపోయింది. గోడకి రెండు చిన్న రంధ్రాలు, స్క్రూలు, అంతే. రెండువైపులా అంటుకునే టేపుతో అతికిస్తే చాలని పెట్టె మీద రాసి ఉంటుంది కానీ నమ్మకండి. ఎండ తగిలే కిటికీ ఫ్రేము మీద ఆ జిగురు మెత్తబడి జారుతుంది. పైగా చాలా సెన్సర్లలో గోడనుంచి పీకితే తెలిసే ట్యాంపర్, వెనక పలకని స్క్రూతో బిగిస్తేనే సరిగ్గా పనిచేస్తుంది.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు ఇంక ఆలోచించక్కర్లేదు, వైర్‌లెస్సే. వెళ్లేటప్పుడు విప్పుకుని పట్టుకెళ్లచ్చు.

ఇప్పుడు అసలు విషయం. సెన్సర్ చచ్చిపోతే పైన ఎంతసేపటికి తెలుస్తుంది? వైర్‌లెస్‌లో ప్యానెల్ పని చేసే పెట్టెని హబ్ అంటారు. మా హబ్ ప్రతి సెన్సర్‌తోనూ రెండువైపులా మాట్లాడే రకం. సెన్సర్ "ఉన్నాను" అని పలకరిస్తుంది, హబ్ "విన్నాను" అని బదులిస్తుంది. ఈ పలకరింపు ఎన్ని సెకన్లకోసారి జరగాలో, వరసగా ఎన్నిసార్లు తప్పితే సెన్సర్ పోయినట్టు లెక్కవేయాలో సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు. మాది 36 సెకన్లకోసారి, 8 సార్లు తప్పితే అని ఉంది. గుణిస్తే ఐదు నిమిషాలకి కాస్త తక్కువ. మా మరిది నమ్మకపోతే వరండా తలుపు సెన్సర్ బ్యాటరీ ఊడబీకి ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాం. మాటల్లో పడి మర్చిపోయేలోపే "కనెక్షన్ పోయింది" అని కబురొచ్చింది. పలకరింపుల మధ్య ఎడం తగ్గిస్తే ఇంకా ముందే తెలుస్తుంది, కానీ సెన్సర్ బ్యాటరీ తొందరగా అయిపోతుంది. వైర్‌లెస్‌లో ప్రతి సుఖానికీ బ్యాటరీయే కప్పం కట్టాలి.

చవకరకం వాటిలో ఈ పలకరింపే ఉండదు. 433 మెగాహెర్ట్జ్ మీద పనిచేసే ఒకవైపు సెన్సర్లు బోలెడు దొరుకుతాయి. తలుపు తెరిచినప్పుడు తన నంబరు గాల్లోకి అరిచి మళ్లీ నిద్రపోతాయి. ప్యానెల్ విన్నదో లేదో వాటికి అనవసరం. సెన్సర్ బతికుందో లేదో ప్యానెల్‌కీ అనవసరం. బ్యాటరీ అయిపోయి ఆర్నెల్లయినా, మనం అలారం పెట్టినప్పుడు, అంటే కాపలాకి ఆన్ చేసినప్పుడు, ప్యానెల్ "అంతా క్షేమం" అనే చెప్తుంది. వాటిలో చాలావాటిలో వాడే చిప్ పంపే నంబరు ఎప్పుడూ ఒకటే, మారదు. రిమోట్‌దీ అంతే. దాన్ని దగ్గర్లో నిలబడి రేడియోతో పట్టుకుని మళ్లీ వదిలితే అలారం ఆగిపోతుంది. వైఫైతో నేరుగా పనిచేసే బ్యాటరీ డోర్ సెన్సర్ల కథా దాదాపు ఇంతే. బ్యాటరీ కోసం ఎప్పుడూ నిద్రలోనే ఉంటాయి, తలుపు తెరిచినప్పుడే లేచి రౌటర్‌ని వెతుక్కుంటాయి. మేము ఇంట్లో లేనప్పుడు పిల్లలు ఫ్రిజ్ తలుపు తెరిచారా అని చూసుకోవడానికి బాగుంటాయి. దొంగని పట్టుకోవడానికి కాదు.

అలాగని పేరున్న కంపెనీ అయితే చాలనుకోకూడదు. 2016 ఫిబ్రవరిలో ఐఓయాక్టివ్ అనే భద్రతా పరిశోధన సంస్థ అమెరికాలో లక్షల ఇళ్లలో ఉన్న సింప్లీసేఫ్ వైర్‌లెస్ సిస్టమ్‌లో ఇలాంటి లోపమే బయటపెట్టింది. కీప్యాడ్ మీద ఇంటివాళ్లు పిన్ నొక్కినప్పుడు వెళ్లే రేడియో సందేశాన్ని రికార్డు చేసి, తర్వాత మళ్లీ వినిపిస్తే అలారం ఆగిపోతోందని చూపించారు. అప్పటికే అమ్మినవాటిలోని చిప్పులు ఒక్కసారే రాయగలిగే రకం కావడంతో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో సరిచేసే వీలు కూడా లేకపోయింది. అందుకని వైర్‌లెస్ కొనేటప్పుడు అడగాల్సినవి: సందేశాలు ఎన్‌క్రిప్ట్ చేస్తుందా, అంటే బయటివాళ్లకి అర్థం కాకుండా మార్చి పంపుతుందా, రెండువైపులా మాట్లాడుతుందా, ఎవరైనా ఆ ఫ్రీక్వెన్సీ మీద రొద పెట్టి అడ్డుకుంటే, అంటే జామ్ చేస్తే, పసిగడుతుందా, హబ్‌కి అప్‌డేట్లు వస్తాయా. అమ్మేవాడు "చాలా రేంజ్ ఉంది మేడమ్" అని మాట మారిస్తే అతనికి తెలియదనే అర్థం.

రేంజ్ మాట వచ్చింది కాబట్టి, పెట్టె మీద రాసే ఆ వందల మీటర్లు, వేల మీటర్లు ఖాళీ మైదానంలో లెక్క. మన ఇళ్లలో ఇనుప కడ్డీల కాంక్రీటు గోడలు, స్లాబులు ఉంటాయి. 868, 915 మెగాహెర్ట్జ్ లాంటి ఫ్రీక్వెన్సీలు వైఫై కంటే గోడల్ని బాగానే దాటతాయి, కానీ ఇనుముని కాదు. పైన వరండా తలుపు సెన్సర్ సిగ్నల్ ఒకరోజు ఉన్నట్టుండి మూడు గీతల్నుంచి ఒక గీతకి పడిపోయింది. ఏమీ మారలేదే అనుకున్నాం. తీరా చూస్తే అత్తయ్య తన ఇనుప బీరువాని హబ్ ఉన్న గోడకి ఆనించి జరిపించారు. నిలువుటద్దం వెనకున్న పూత కూడా ఇలాగే అడ్డుపడుతుంది. వైరు సిస్టమ్‌లో సామాన్లు ఎటు జరిపినా బాధ లేదు, మోషన్ సెన్సర్ ముందుకి రాకుండా చూసుకుంటే చాలు.

ఇంక బ్యాటరీల రామాయణం. సెన్సర్ బ్యాటరీ తగ్గుతోందని చెప్పే పీప్ శబ్దం ఎప్పుడొస్తుందో చెప్పండి? తెల్లవారుజామున. చలికి బ్యాటరీ వోల్టేజీ కాస్త పడిపోతుంది, పగలు హెచ్చరిక హద్దుకి కాస్త పైన ఉన్నది ఆ వేళకి హద్దు కిందికి దిగుతుంది. అందరూ గాఢనిద్రలో ఉన్నప్పుడు కీప్యాడ్ కుయ్ మంటుంది. అత్తయ్య మొదటిసారి అది విని, దొంగ లోపలికొచ్చి అలారాన్ని కట్టేస్తున్నాడని ఒకటే టెన్షన్. పొద్దున ఎండెక్కేసరికి యాప్‌లో బ్యాటరీ బాగానే ఉందని చూపిస్తుంది, మనం వాయిదా వేస్తాం, మర్నాడు మళ్లీ కుయ్. ఒకసారి హెచ్చరిక వస్తే ఆ బ్యాటరీ మార్చేయడమే. మావాటికి 3 వోల్టుల లిథియం బ్యాటరీలు, సీఆర్123ఏ రకం. అదే సైజులో రీచార్జబుల్ దొరుకుతుంది కదా అని వేయకండి. వాటిలో చాలావాటి వోల్టేజీ ఎక్కువ, సెన్సర్ పాడయ్యే ప్రమాదం ఉంది.

బ్యాటరీ పొదుపు కోసమే వైర్‌లెస్ మోషన్ సెన్సర్లు ఇంకో పని చేస్తాయి. చాలా మోడళ్లు ఒకసారి కదలిక చూశాక కొన్ని నిమిషాలు మళ్లీ కబురు పంపవు. జనం తిరిగే గదిలో పొద్దస్తమానం సందేశాలు పంపుతూ ఉంటే బ్యాటరీ నెలల్లో ఖాళీ అయిపోతుంది మరి. మంచి సిస్టమ్‌లలో అలారం పెట్టగానే ఈ నిద్ర రద్దవుతుంది, కొన్నిటిలో అవదు. పరీక్షించడం తేలిక. గదిలో అటూ ఇటూ నడవండి, వెంటనే అలారం పెట్టండి, బయటికి వెళ్లడానికిచ్చే గడువు ముగియగానే మళ్లీ గదిలోకి రండి. సైరన్ మోగకపోతే ఆ సెన్సర్ ఇంకా కునుకులో ఉందన్నమాట. కింది అంతస్తులో ఈ గొడవే లేదు.

మోషన్ సెన్సర్ పొరపాట్ల విషయంలో మాత్రం రెండూ దొందూ దొందే. మోషన్ సెన్సర్ లెన్సు మీద సాలీడు పాకినా, ఏసీ గాలికి కర్టెన్ ఊగినా, గది ఉష్ణోగ్రత ఒంటి వేడికి దగ్గరయ్యే మండుటెండల్లో చూపు మందగించినా, తీగ ఉందా లేదా అన్నదానితో సంబంధం లేదు. ఆ తప్పు సెన్సర్ పెట్టిన చోటుది.

సెన్సర్ కబురు ప్యానెల్‌కి చేరింది సరే, ప్యానెల్‌నుంచి మీ ఫోన్‌కి ఎలా వస్తుంది? చాలామంది కొనేటప్పుడు ఇది అడగరు. వైరు సిస్టమ్ కొన్నామని ధీమాగా ఉన్నవాళ్లలో చాలామందికి ప్యానెల్‌నుంచి బయటికి వెళ్లే దారి ఒక సిమ్ కార్డే, అంటే రేడియోనే. అమెరికాలో 2022 ఫిబ్రవరిలో ఏటీ అండ్ టీ అనే ఫోన్ కంపెనీ తన 3జీ నెట్‌వర్క్ ఆపేసినప్పుడు, దాని మీదే ఆధారపడ్డ పాత అలారం ప్యానెళ్లు, వైరువీ వైర్‌లెస్‌వీ అని తేడా లేకుండా, బయటికి మాట్లాడే దారి పోగొట్టుకున్నాయి. సైరన్ మోగుతుంది, కబురు మాత్రం రాదు. మా కింది ప్యానెల్లో సిమ్ ఉండే మాడ్యూల్ 2జీది. దానికీ ఆ గతి పట్టకుండా 4జీకి మార్పించేశాం. పైన హబ్‌కి ఇంటర్నెట్ కేబుల్, సిమ్ రెండూ ఉన్నాయి. వైఫై ఒక్కటే ఉన్న హబ్ అయితే, కరెంటు పోగానే హబ్ లోపలి బ్యాటరీ మీద నడుస్తూనే ఉంటుంది, రౌటర్ చచ్చిపోతుంది. బావిలో దిగి అరిచినట్టే. రౌటర్‌కి చిన్న యూపీఎస్ పెట్టడం అలారం ఖర్చులో భాగమే అనుకోండి.

ఇప్పుడు నన్ను అడిగితే, గోడలు ఇంకా ప్లాస్టరింగ్ కాని ఇంటికి వైరే పెట్టించమంటాను. ఒకవేళ ఇప్పుడు అలారం కొనే ఉద్దేశం లేకపోయినా ప్రతి తలుపుకీ, కిటికీకీ, గది మూలకీ ఖాళీ పైపు, అందులో కేబుల్ వేయించి ఉంచుకోమంటాను. ఆ దశలో అది మేస్త్రికి చిన్న పని, తర్వాత అయితే ఇల్లు ఊడ్చిపెట్టే పని. రంగులయిపోయిన ఇంటికి, అద్దె ఇంటికి, గోడలు ముట్టుకోనివ్వని అపార్టుమెంటుకి వైర్‌లెస్. కానీ రెండువైపులా మాట్లాడేదే. అలాంటిది కొనేంత డబ్బు ఇప్పుడు లేదంటారా, చవకరకం కిట్ ఒకటి కొనేసి నిశ్చింతగా పడుకునే బదులు ఆ డబ్బు మంచి తాళానికీ, వెనక వాకిలి గడియకీ పెట్టండి. కొన్ని కిట్ల మీద ఈఎన్ 50131 అనే యూరోపియన్ ప్రమాణం, గ్రేడ్ 1 నుంచి 4 వరకు రాసి ఉంటుంది. ఇళ్లకి మామూలుగా గ్రేడ్ 2 చూసుకుంటారు. అది ఉంటే కనీసం ఎవరో పరీక్షించారన్న భరోసా.

వైర్‌లెస్‌లో నాకు మింగుడుపడనిది ఒక్కటే, ఆ సెన్సర్లు ఆ హబ్‌తో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడవు. కంపెనీ ఆ మోడల్ ఆపేసిన రోజున ఒక్క సెన్సర్ పాడైనా మొత్తం ఇంటికి కొత్తవి కొనాలి. మా కింది అంతస్తు ప్యానెల్ కంపెనీ ఇప్పుడు ఆ మోడల్ చేయడం లేదు. అయినా మాకేమీ నష్టం లేదు, గోడల్లో ఉన్న రాగి ఏ కంపెనీదీ కాదు కదా.

రెండింటినీ కలిపే దారి కూడా ఉంది. పాత వైరు సెన్సర్ల తీగలన్నీ తీసుకొచ్చి వైర్‌లెస్ హబ్‌కి అప్పజెప్పే మాడ్యూళ్లు దొరుకుతున్నాయి. కింది ప్యానెల్ పూర్తిగా మొండికేస్తే మేము చేయబోయేది అదే. తీగలు, సెన్సర్లు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి, మెట్ల కింద పెట్టెలో బోర్డు ఒక్కటే మారుతుంది, రెండు అంతస్తులకీ ఒకే యాప్. కొనేముందు ఆ మాడ్యూల్ మీ సెన్సర్లలోని రెసిస్టర్ విలువని గుర్తిస్తుందో లేదో చూసుకోవాలి. కొన్ని ఒకే విలువని ఒప్పుకుంటాయి.

ఏది పెట్టించినా, టెక్నీషియన్ గుమ్మం దాటేలోపు ఇన్‌స్టాలర్ కోడ్ అడిగి రాయించుకోండి. మనం రోజూ వాడే కోడ్ వేరు, సిస్టమ్ సెట్టింగ్స్ మార్చే కోడ్ వేరు. అది వాళ్ల దగ్గరే ఉంచేసుకుంటే చిన్న మార్పుకి కూడా వాళ్లనే పిలవాలి, వాళ్లు ఫోన్ ఎత్తకపోతే ఇంకొకరు వచ్చి ఏమీ చేయలేరు. మాకు అదే అయింది. కొత్తబ్బాయి కింది ప్యానెల్‌ని మొత్తం రీసెట్ చేసి, ప్రతి జోన్‌నీ మొదట్నుంచీ రాయాల్సి వచ్చింది. వైరు సిస్టమ్ అయితే ఏ కేబుల్ ఎటు వెళ్లిందో గోడలు మూసేముందే ఫోన్‌తో ఫోటోలు తీసి పెట్టుకోండి. వైర్‌లెస్ అయితే హబ్ ఎవరి ఈమెయిల్ మీద రిజిస్టర్ చేశారో చూడండి. చాలాసార్లు అది పెట్టినవాళ్ల అకౌంటు మీదే ఉంటుంది.